మాట తడబడితే ‘ఏజ్ ఫ్యాక్టర్’ అని వదిలేస్తారా? బ్రూస్ విల్లిస్ సంగతి, మన ఇళ్ళ సంగతి

పాతపోస్టాఫీసు | శనివారం రాత్రి 9:40

బ్రూస్ విల్లిస్ ఆరోగ్యం సంగతి ఎవరైనా ఫాలో అవుతున్నారా? హాలీవుడ్ సినిమా డై హార్డ్ హీరో అంటే మన వయసు వాళ్ళకి వేరే పరిచయం అక్కర్లేదు. 2022 మార్చి ఆఖర్లో ఆయన కుటుంబం ఒక ప్రకటన ఇచ్చింది, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట, భాష పోవడం) వచ్చింది, ఇక సినిమాలు చెయ్యడు అని. ఏడాది తిరక్కుండా, 2023 ఫిబ్రవరిలో, అసలు జబ్బు ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అని తేలిందని మళ్ళీ చెప్పారు. నుదుటి వెనకా చెవుల దగ్గరా ఉండే మెదడు భాగాలు మెల్లమెల్లగా క్షీణించిపోయే జబ్బు అది. తగ్గించే మందు ఇంతవరకూ లేదు. 2025 ఆగస్టులో ఆయన భార్య ఎమా హెమింగ్ టీవీ ఇంటర్వ్యూలో చెప్పినదాన్ని బట్టి మనిషి ఒంట్లో బాగానే ఉన్నాడు, తిరుగుతున్నాడు, భాష మాత్రం పోతోంది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు పెరుగుతున్నారు, వాళ్ళ అవసరాలు వేరు ఆయన అవసరాలు వేరు, అందుకని ఆయన్ని ఇంకో ఇంట్లో ఉంచి మనుషుల్ని పెట్టి చూసుకుంటున్నారు. దానికీ జనం ఆవిణ్ణి నానా మాటలూ అన్నారు.

ఈ పోస్టు పెట్టడానికి అసలు కారణం వేరే. నిన్న సాయంత్రం వైజాగ్ బీచ్ రోడ్డులో వాకింగ్ బ్యాచ్‌లో ఈ విషయం వస్తే ఒకాయన టక్కున “ఏజ్ ఫ్యాక్టర్ అండీ, ఎవరికైనా తప్పదు” అనేశారు. మిగతావాళ్ళు తలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎందుకంటే ఆ ముక్క మా ఇంట్లో చేసిన నష్టం నాకు తెలుసు.

మా నాన్నగారు పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. డెబ్బై దాటాక ఆయనకి ఒక్కొక్క మాటే జారిపోవడం మొదలైంది. తాళంచెవి అడగాలంటే “అది, ఆ తెరిచేది, ఇలా తిప్పేది” అని గాల్లో వేళ్ళు తిప్పి చూపించేవారు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే బీపీ చూసి, చీటీ రాసి, తలెత్తకుండానే “ఏజ్ ఫ్యాక్టర్” అన్నాడు. ఇంకో డాక్టరూ అదే మాట. చుట్టాల సంగతి సరేసరి. ఆఖరికి ఒక న్యూరో డాక్టరు స్కానింగ్ తీయిస్తే, పైకి తెలియకుండా చిన్న చిన్న స్ట్రోక్‌లు ఎప్పుడో వచ్చాయని బయటపడింది. మొదట్లోనే పట్టుకుని ఉంటే బీపీ, షుగరు గట్టిగా కంట్రోల్‌లో పెట్టి తర్వాతవి రాకుండా చూసే అవకాశం ఉండేదని ఆయనే అన్నారు. అందుకే అడుగుతున్నాను, ఈ ‘ఏజ్ ఫ్యాక్టర్’ అన్న మాట మనకి ఎక్కడ అంటుకుంది, ఎందుకు వదలడం లేదు?

కంచరపాలెం_కుర్రోడు | శనివారం రాత్రి 10:05

అంకుల్, బ్రూస్ విల్లిస్ విషయంలో నాకు బాగా బాధేసింది ఏటంటే ఆయన్ని జబ్బులో ఉండగానే వెక్కిరించారు. సినిమాలు ఆపేసే ముందు వరసపెట్టి చిన్న బడ్జెట్ సినిమాలు చేశాడు కదా, మొహంలో ఏ భావమూ ఉండదు, రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోతాడు, డబ్బు కోసం చేస్తున్నాడని ఇంటర్నెట్ అంతా తిట్టింది. చెత్త సినిమాలకి ఇచ్చే రాజ్జీ అవార్డుల వాళ్ళు 2021 సినిమాలకి ఆయన ఒక్కడి కోసం ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు. జబ్బు సంగతి బయటికొచ్చాక వెనక్కి తీసుకున్నారనుకోండి. అప్పుడే లాస్ ఏంజెలస్ టైమ్స్ రాసింది, సెట్లో ఆయన చెవిలో చిన్న ఇయర్‌పీస్ పెట్టి డైలాగులు అందించేవారని, ఒక సినిమాకి ఆయన డైలాగులు తగ్గించి రాయమని డైరెక్టరే రచయితని అడిగాడని. అంటే చుట్టూ ఉన్నవాళ్ళకి ఏదో తేడాగా ఉందని తెలుస్తూనే ఉంది. చూసేవాళ్ళకే తెలీదు.

మేష్టారు_మురళీనగర్ | శనివారం రాత్రి 10:31

చాలాకాలం హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, కాబట్టి ఈ ‘ఏజ్ ఫ్యాక్టర్’ దగ్గర నాకూ చాలా కోపం ఉంది. ఇంగ్లీషులో ఆ రెండు మాటల్ని అలా ఒక కారణంలాగా, ఒక రోగం పేరులాగా ఎవరూ వాడరు. మనం తయారుచేసుకున్నాం. ఒక్క ఇదే కాదు. “రిటర్న్ వచ్చాను” అంటారు. “రివర్ట్ బ్యాక్ అవ్వండి” అంటారు. “డౌట్ ఉంది” అంటే అనుమానమా, ప్రశ్నా, తెలీకపోవడమా, మూడింటికీ అదే. ఇంకొకాయన ప్రతి వాక్యానికీ ముందు ‘బేసికల్‌గా’ పెట్టకపోతే నోరు విప్పలేడు. ఇంగ్లీషు రాకపోవడం తప్పు కాదు, నేను ఎవర్నీ ఎప్పుడూ దానికోసం చిన్నచూపు చూడలేదు. రెండు భాషల్లో ఏదీ శుభ్రంగా వాడకపోవడమే నా బాధ.

ఉక్కునగరం | శనివారం రాత్రి 11:12

మేష్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఇది నాకు నచ్చలేదు. నేను స్టీల్‌ప్లాంట్‌లో పనిచేశాను. మా షాపులో ఒడిశా వాళ్ళు, బెంగాలీలు, బీహార్ వాళ్ళు, మనవాళ్ళు, అందరం ఈ అరకొర ఇంగ్లీషుతోనే ఫర్నేసులు నడిపాం. “షిఫ్ట్ ప్రీపోన్ అయింది” అంటే అనుకున్న టైము కంటే ముందుకి జరిగిందని ఒక్క మాటలో అందరికీ అర్థమయ్యేది, ఎవరికీ ప్రమాదం జరగలేదు. అలాంటి ఇంగ్లీషు మీద మీరు కోప్పడటం అనవసరం, అది మనది, మనం తయారుచేసుకున్నదే.

ఇక ‘ఏజ్ ఫ్యాక్టర్’ అంటారా, అది చాలామంది జాలితో అంటారు. పెద్దాయన ఎదురుగా కూర్చుని ఉండగా “ఈయనకి మెదడు పాడవుతోంది” అని తెలుగులో ఎలా అంటాం? నలిగిపోతాడు. ఇంగ్లీషు ముక్క ఒకటి అడ్డం పెడితే కొంచెం మెత్తగా ఉంటుంది. అందులో దురుద్దేశం ఏమీ లేదు.

లాసన్స్‌బే | ఆదివారం ఉదయం 6:50

ఉక్కునగరం గారూ, జాలితోనే అంటారని ఒప్పుకుంటాను. కానీ ఆ జాలి ఎవరికి ఉపయోగపడింది? మా అమ్మ సంగతి చెప్తాను.

అమ్మకి ఒక రోజు తెల్లారగట్ల మాట పడిపోయింది, కుడిచెయ్యి కూడా లాగేసింది. నగరంలో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. అక్కడ ఉన్నన్నాళ్ళూ అమ్మ మంచం చుట్టూ నిలబడి అందరూ ఇంగ్లీషే. “పేషెంట్ స్టేబుల్”, “పేషెంట్ కన్ఫ్యూజ్డ్”, “పేషెంట్ నాట్ కోఆపరేటివ్”. “పేషెంట్ తాలూకా ఎవరండీ” అని పిలిస్తే నేను వెళ్ళేదాన్ని, నాతో మళ్ళీ అదే ఇంగ్లీషు. ఒక డాక్టరమ్మ అమ్మని చూస్తూ “లిఫ్ట్ యువర్ హ్యాండ్” అంది, గట్టిగా, రెండుసార్లు. అమ్మ చూస్తూ ఉండిపోయింది. కోఆపరేటివ్ కాదని రాసుకుంది. నేను వంగి చెవి దగ్గర “అమ్మా, ఎడంచెయ్యి ఎత్తవే” అంటే వెంటనే ఎత్తింది. మా అమ్మకి ఇంగ్లీషు రాదు, స్ట్రోక్‌కి ముందూ రాదు. ఆవిడకి అర్థం చేసుకునే శక్తి ఉందో లేదో ఆ మాటతో ఎలా తెలుస్తుంది?

ఇంకోటి. అమ్మ పూర్తిగా మూగబోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో, నర్సు పైకి లేపి కూర్చోబెడుతుంటే నొప్పికి “సింహాద్రప్పన్నా” అంది. స్పష్టంగా. నర్సు ఉలిక్కిపడింది. తన పేరు చెప్పమంటే చెప్పలేదు, నా పేరు రాదు, కానీ ఆ మాట వచ్చింది. మేమంతా ఏడ్చాం. డ్యూటీ డాక్టరుతో చెబితే “ఇట్స్ నథింగ్” అని వెళ్ళిపోయాడు. అది నథింగ్ ఎలా అవుతుంది? ఈ గ్రూపులో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే చెప్పండి.

వాక్కు_విశాఖ | ఆదివారం ఉదయం 8:25

నేను స్పీచ్ థెరపిస్టుని, ఈ ఊళ్ళోనే పనిచేస్తాను. లాసన్స్‌బే గారూ, అది నథింగ్ కాదు. మాట పడిపోయినవాళ్ళలో చాలామందికి మనం ఆలోచించి పేర్చే మాటలు పోయినా, అలవాటుగా నోటికి వచ్చేవి మిగులుతాయి. దేవుడి పేరు, వారాల పేర్లు, ఎక్కాలు, చిన్నప్పుడు బట్టీపట్టిన పద్యాలు, పాటలు, ఆఖరికి తిట్లు కూడా. మామూలు మాట ఎక్కువగా మెదడు ఎడమవైపు మీద ఆధారపడుతుంది. ఇలాంటివాటికి కుడివైపు కూడా సాయం చేస్తుందని చెప్తారు. దాన్ని పట్టుకునే 1970ల్లో బోస్టన్‌లో రాగం పెట్టి మాటలు నేర్పే పద్ధతి ఒకటి తయారుచేశారు, ఇప్పటికీ వాడతాం. మీ అమ్మగారికి “అప్పన్న” వచ్చిందంటే నేను అక్కణ్ణించే పని మొదలుపెడతాను.

అఫేసియా అంటే అందరికీ ఒకేలా ఉండదు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు దగ్గరికి వచ్చిన ఒక మనిషి ఏమడిగినా “టాన్” అని తప్ప ఇంకేమీ అనలేకపోయేవాడు, కానీ చెప్పింది చాలావరకు అర్థమయ్యేది. ఆయన చనిపోయాక మెదడు చూస్తే ఎడమ ముందుభాగంలో దెబ్బ ఉంది. 1874లో జర్మనీలో వెర్నికే దీనికి తలకిందులైనదాన్ని వర్ణించాడు. ఆ రోగులు గలగలా మాట్లాడతారు, కానీ మాటలకి పొంతన ఉండదు, ఎదుటివాళ్ళు చెప్పేది బుర్రకెక్కదు. మన ఇళ్ళల్లో మొదటి రకాన్ని “పాపం మూగబోయాడు” అంటారు, రెండో రకాన్ని “పిచ్చెక్కింది” అంటారు. రెండూ తప్పే.

బ్రూస్ విల్లిస్‌ది స్ట్రోక్ కాదు, క్షీణించే జబ్బు. ఆయన విషయంలో ముఖ్యమైన సంగతి ఇక్కడ ఎవరూ చెప్పలేదు. ఆయనకి చిన్నప్పుడు నత్తి ఉండేది, నాటకాల్లో వేస్తూ దాన్ని దాటాడు. జబ్బు మొదలైనప్పుడు మాట తడబడుతుంటే ఆ పాత నత్తే మళ్ళీ వస్తోందనుకున్నామని భార్య తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. ఆవిడకి తెలిసిన కారణం ఒకటి చేతికి అందింది, దాంతో ఇంకో కారణం వెతకలేదు. మన ‘ఏజ్ ఫ్యాక్టర్’ చేసే పని కూడా ఇదే. నాకు ఆ మాట వ్యాకరణం గురించి గొడవ లేదు. అది వినగానే అందరూ వెతకడం మానేస్తారు, నా గొడవంతా అక్కడే.

పైగా ఈ ఫ్రాంటోటెంపోరల్ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది 45 నుంచి 65 లోపు. ఉద్యోగంలో ఉండగానే, పిల్లల చదువులు అవ్వకుండానే. వయసు వల్ల వచ్చిందని అనడానికి అక్కడ అంత వయసే లేదు. ఇంకా మొదట్లో జ్ఞాపకశక్తి బాగానే ఉంటుంది, అందుకే మన పేపర్లలో దీన్ని ‘మతిమరుపు వ్యాధి’ అని రాస్తుంటే నాకు బాధగా ఉంటుంది. మాట పోవచ్చు, లేకపోతే ప్రవర్తన మారవచ్చు. ఎప్పుడూ మర్యాదగా ఉండే మనిషి నలుగురిలో ఏదో ఒకటి అనేస్తాడు, తిండి మీద యావ పెరుగుతుంది, ఎవరైనా ఏడుస్తున్నా పట్టనట్టు ఉంటాడు. ఇంట్లోవాళ్ళు పొగరు అనుకుంటారు, తాగుడు అనుకుంటారు, ఆస్తి గొడవల మనసు అనుకుంటారు.

పాతపోస్టాఫీసు | ఆదివారం ఉదయం 9:02

మేడమ్, మీరు ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. లాసన్స్‌బే గారు చెప్పినలాంటిదే నాన్నగారికీ జరిగింది. పరీక్ష చేసిన అమ్మాయి ఉత్తరాది నుంచి వచ్చిన జూనియర్, తెలుగు రాదు. ఒక్కో బొమ్మ చూపించి పేరు చెప్పమంటోంది. అకార్డియన్ బొమ్మ ఒకటి, మా నాన్నగారు జన్మలో దాన్ని చూసి ఉండరు, సున్నా వేసింది. తర్వాత ఓడ లంగరు బొమ్మ పెట్టింది. ఆయన మొహం వెలిగింది. కాసేపు పెదాలు కదిలి, కదిలి, “లంగరు” అన్నారు. ఆ అమ్మాయి కాగితం వైపు చూసి, ఇంగ్లీషులో ‘యాంకర్’ రాలేదు కాబట్టి తప్పు పెట్టింది. ఉద్యోగమంతా ఓడల కింద గడిపిన మనిషి, కష్టపడి తెచ్చుకున్న మాట అది. నేను చెప్తే దిద్దింది, నిజమే, కానీ నేను పక్కన లేకపోతే?

కంచరపాలెం_కుర్రోడు | ఆదివారం ఉదయం 9:20

అంకుల్, లంగరు దగ్గర ఏడుపొచ్చేసింది నాకు.

మేష్టారు_మురళీనగర్ | ఆదివారం ఉదయం 10:10

ఉక్కునగరం గారూ, ప్రీపోన్ మీకు వదిలేస్తాను, దాని మీద నాకు పట్టుదల లేదు, పైగా అది చక్కగా అర్థమయ్యే మాట. కానీ నిన్నటి నా కోపం ఊరికే వచ్చింది కాదు. థెరపిస్టు అమ్మాయి చెప్పింది చదివాక నాకు ఇంకా గట్టిగా అనిపిస్తోంది. ఆస్పత్రిలో వాడే ఇంగ్లీషులో ఎక్కువ భాగం చెప్పడానికి వాడరు, చెప్పకుండా ఉండటానికి వాడతారు. “స్టేబుల్” అంటే బాగున్నారని ఇంటివాళ్ళు అనుకుంటారు. అసలు అర్థం, నిన్నటికంటే మారలేదు అని. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళు కూడా స్టేబులే. “పేషెంట్ సింక్ అవుతున్నారు” అని మా అన్నయ్య విషయంలో చెప్పినప్పుడు మా వదిన నా మొహంలోకి చూసింది, ఇంగ్లీషు మాష్టార్ని కదా, నేను చెప్తానని. నేనే చెప్పాను, ఇక దక్కరని, తెలుగులో, మెల్లగా. ఆ పని డాక్టరుది.

ఉక్కునగరం | ఆదివారం ఉదయం 10:45

మీరు చెప్పిన ఆ చివరి మాట నిజం మేష్టారూ. అయినా డాక్టర్లని అంతా ఒకే గాటన కట్టకండి. ఓపీలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దొరకదు, బయట వరండా నిండా జనం, అక్కడ అఫేసియా గురించి ఏం వివరిస్తారు? నా స్నేహితుడొకడికి స్ట్రోక్ వస్తే ఫిజియోథెరపీకి పంపారు, కాలూ చెయ్యీ బాగుపడ్డాయి, నడుస్తున్నాడు. మాట కోసం కూడా థెరపీ ఉంటుందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మనిషి గట్టిగానే ఉన్నాడు, నలుగురిలోకి రాడు. మేం వెళ్తే లోపలి గదిలోకి వెళ్ళిపోతాడు. ఇంకా ఏమైనా చెయ్యొచ్చా మేడమ్, చాలాకాలం అయిపోయింది?

వాక్కు_విశాఖ | ఆదివారం మధ్యాహ్నం 12:15

చెయ్యొచ్చండీ. మొదటి నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, అది నిజం, కానీ ఏళ్ళ తర్వాత కూడా గట్టిగా సాధన చేయిస్తే మెరుగైనవాళ్ళు ఉన్నారు. అసలు ముందు మీరు ఆయనతో మాట్లాడే తీరు మార్చండి. టీవీ ఆపేయండి. ఒక్కసారి ఒక్కరే మాట్లాడాలి. చిన్న వాక్యం, ఒక్క విషయం. “కాఫీ తాగుతావా, టీయా, లేకపోతే మజ్జిగ తెమ్మంటావా, బయట కూర్చుందామా” అని గుక్కతిప్పుకోకుండా అడగొద్దు. కాఫీ గ్లాసు చూపించి “కాఫీ?” అనండి, ఆగండి. ఆ ఆగడం మనకి చాలా కష్టం, వెంటనే మాట అందించేస్తాం. అందించకండి. గొంతు పెంచకండి, ఆయనకి చెవుడు లేదు. చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు అస్సలు మాట్లాడొద్దు, “గుడ్ బాయ్, వెరీ గుడ్” అని చప్పట్లు కొట్టడం చూస్తే నాకు చాలా కోపం వస్తుంది. ఆయన తెలివి ఎక్కడికీ పోలేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. రెండు మూడు భాషలు వచ్చినవాళ్ళకి స్ట్రోక్ వస్తే అన్నీ ఒకే మోతాదులో పోవు, ఒకే మోతాదులో తిరిగి రావు. ఒకరికి తెలుగు ముందు వస్తుంది, ఒకరికి ఆఫీసులో వాడిన ఇంగ్లీషు ముందు వస్తుంది. అందుకే పరీక్ష రోగి భాషల్లో జరగాలి. ఇది మన దేశంలో చెయ్యలేనిదేమీ కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, వాళ్ళ బృందం ఇలాంటి పరీక్షల్ని తెలుగుకి తగ్గట్టు మార్చుకుని వాడారు. 2013లో వాళ్ళు న్యూరాలజీ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. 648 మంది డిమెన్షియా రోగుల్ని చూస్తే, ఒకే భాష మాట్లాడేవాళ్ళ కంటే రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు సగటున 4.5 ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్ళనివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ లాంటివి కలిపి వాడుకునే ఊరు అది. కాబట్టి మేష్టారూ, మన కలగాపులగపు భాష మీద మరీ కోపం పెట్టుకోకండి.

మేష్టారు_మురళీనగర్ | ఆదివారం మధ్యాహ్నం 1:05

అమ్మా, రెండు భాషల్లోనూ ఎదుటివాళ్ళతో మాట్లాడగలిగేవాళ్ళ గురించి ఆ అధ్యయనం. ‘బేసికల్‌గా’ అన్న ఒక్క ముక్క వస్తే రెండో భాష వచ్చినట్టు కాదు. అక్కడ నా మాట మీద నేనుంటాను.

కంచరపాలెం_కుర్రోడు | ఆదివారం మధ్యాహ్నం 1:40

ఇంగ్లీషు ముక్కల గురించే అయితే నాది ఇంకోటి ఉంది. పోయినవాళ్ళ ఆత్మకి శాంతి అనడానికి పెట్టే ‘రిప్’ (RIP). మనిషి ఇంకా ఐసీయూలో ఉండగానే రిప్ సార్, రిప్ లెజెండ్ అని స్టేటస్ పెట్టేస్తారు. కోట శ్రీనివాసరావు గారిని 2023 మార్చిలో ఇలాగే చంపేశారు కదా. ఉగాది పనుల్లో ఉన్న మనిషి, ఫోన్ల మీద ఫోన్లు, ఆఖరికి ఇంటికి పోలీసులు కూడా వచ్చారు. ఆయనే వీడియో చేసి నేను బాగానే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. తెలుగులో ఏ యాస ఇచ్చినా ఆ ఊరివాడిలా మాట్లాడిన నటుడు ఆయన. తర్వాత 2025లో చిక్కిపోయి ఉన్న ఆయన ఫొటో బయటికొస్తే దాన్ని జూమ్ చేసి, కాళ్ళు చూడండి, చేతులు చూడండి అని వీడియోలు. ఆ జూలై 13న నిజంగానే వెళ్ళిపోయారు, 83 ఏళ్ళు. బతికుండగా ఆ ఫొటో కింద ఏం రాశారో తెలుసా? మళ్ళీ అదే, ‘ఏజ్ ఫ్యాక్టర్ బ్రో’.

“కన్నుమూశారట” అని పూర్తి వాక్యం తెలుగులో టైప్ చెయ్యాలంటే ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది, నిజమా కాదా అని చూస్తాం. మూడు ఇంగ్లీషు అక్షరాలకి ఎవరి చెయ్యీ ఆగడం లేదు.

లాసన్స్‌బే | ఆదివారం మధ్యాహ్నం 2:15

తమ్ముడూ, బాగా చెప్పావు. ఎమా హెమింగ్ విషయం కూడా అంతే. ఆవిడ భర్తని వదిలించుకుందని రాసినవాళ్ళలో ఒక్కరైనా ఇలాంటి మనిషిని రాత్రంతా చూసుకున్నారా అని అడగాలనిపిస్తుంది. అమ్మని చూసుకుంటూ నేను ఉద్యోగం మానేశాను. మా అన్నయ్య ఫోన్ చేసి “టేక్ కేర్” అంటాడు. ప్రతి ఫోన్ ఆఖర్నా అదే. వచ్చి ఒక్క వారం ఉండు అంటే మాత్రం ఉండడు.

అగనంపూడి | ఆదివారం సాయంత్రం 4:30

మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే ఏమనుకోవద్దు. పొద్దున్నించీ ఇదే చదువుతున్నాను. మా చిన్నమావయ్యకి 58. మాట బాగానే వస్తుంది కానీ వస్తువుల పేర్లు మారిపోతున్నాయి, చెంచా అడగాలంటే దువ్వెన అంటాడు, తను తప్పు అన్నట్టు తనకే తెలియదు. దుకాణంలో బేరం వచ్చినవాళ్ళతో ఊరికే గొడవపడుతున్నాడు, ఇంతకుముందు అలా కాదు. ఇంట్లో అందరూ టెన్షన్ వల్ల అంటున్నారు, మా తాతయ్య కూడా అంతేలే, ఏజ్ ఫ్యాక్టర్ అంటున్నారు. ఎక్కడ చూపించాలి? పెద్ద ఆస్పత్రికి పెట్టేంత డబ్బు లేదు.

వాక్కు_విశాఖ | ఆదివారం సాయంత్రం 5:10

ఇంకో రోజు ఆగకండి. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ హాస్పిటల్) న్యూరాలజీ ఉంది, ప్రభుత్వ ఆస్పత్రి, అక్కడ ఓపీ చీటీ తీసుకుని చూపించండి. నేను ఇక్కణ్ణించి జబ్బు పేరు చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఇలాంటివాటిలో కొన్ని నయమయ్యేవి ఉంటాయి. థైరాయిడ్ తక్కువైనా, బీ12 తక్కువైనా, తలలో ఎక్కడైనా రక్తం గూడుకట్టినా, డిప్రెషన్ ఉన్నా మనిషి ఇలా మారవచ్చు. రక్తపరీక్షలూ, తలకి స్కానింగూ చేస్తేనే తేలుతుంది.

ఇది మెల్లగా వచ్చింది కాబట్టి ఓపీ సరిపోతుంది. కానీ ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా లేదా రాకపోయినా, అది స్ట్రోక్ అనుకుని వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. రక్తపు గడ్డని కరిగించే ఇంజక్షన్‌ని మామూలుగా ఆ లక్షణాలు మొదలైనప్పటి నుంచి 4.5 గంటల్లోపే ఇస్తారు. ఆ ఇంజక్షన్‌కి ముందు స్కానింగ్ తప్పనిసరి, కాబట్టి సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే వెళ్ళాలి. పసరు మందులనీ, మంత్రమనీ, పొద్దున చూద్దామనీ ఆగితే ఆ గంటలు పోతాయి. ఆఖరుసారి ఎన్నింటికి మామూలుగా ఉన్నారో టైము గుర్తుపెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే.

లాసన్స్‌బే గారికి ఒక మాట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, అందులో మాట, భాషకి సంబంధించిన వైకల్యం కూడా ఉంది, అఫేసియా పేరు చట్టంలోనే ఉంది. అమ్మగారికి చెయ్యి సంగతి ఒక్కటే రాయించి ఊరుకోకండి. వార్డు సచివాలయంలో సదరం (వైకల్యం సర్టిఫికెట్) స్లాట్ గురించి అడిగేటప్పుడు మాట పోయిన విషయం కూడా చెప్పండి.

ఉక్కునగరం | ఆదివారం సాయంత్రం 6:00

చాలా ఉపయోగపడే సంగతులు మేడమ్. ఈ సాయంత్రం నా స్నేహితుడింటికి వెళ్తున్నాను, టీవీ ఆపమని వాళ్ళావిడతో ముందే ఫోన్లో చెప్పాను. పెద్దవాళ్ళకి సాయం కావాలంటే 14567 అని ఒక ఉచిత ఫోన్ నంబరు కూడా ఉంది, ఎల్డర్‌లైన్ అంటారు, ఇక్కడ ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

అగనంపూడి | ఆదివారం రాత్రి 8:20

అత్తయ్యతో మాట్లాడాను మేడమ్. మొదట ఒప్పుకోలేదు, పిచ్చాసుపత్రి అనుకుని భయపడింది, ఇది చదివి వినిపించాను. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. ఏమేం పట్టుకెళ్ళాలి?

వాక్కు_విశాఖ | ఆదివారం రాత్రి 8:45

వాడుతున్న మందులన్నీ, పాత రిపోర్టులు, ఆధార్. రోజూ ఆయనతో ఉండే మనిషి పక్కన రావాలి, అంటే మీ అత్తయ్యే. ఎప్పుడు మొదలైంది, మొదట ఏ మాట మారింది, దుకాణంలో గొడవలు ఎప్పట్నుంచి, ఒక కాగితం మీద వరసగా తెలుగులోనే రాసుకోండి, అక్కడ కంగారులో సగం మర్చిపోతారు. ఫోన్లో పాత పెళ్ళి వీడియోలో, పండగ వీడియోలో ఆయన మాట్లాడినవి ఉంటే ఒకటి రెండు ఉంచుకోండి, అప్పటికీ ఇప్పటికీ తేడా డాక్టరుకి వెంటనే తెలుస్తుంది. బొమ్మలు చూపించి పేర్లు అడిగితే తెలుగులో అడగమని చెప్పండి. ఎవరైనా స్కానింగ్ లేకుండా ‘ఏజ్ ఫ్యాక్టర్’ అంటే, 58 ఏళ్ళకి ఆ మాట ఎలా సరిపోతుందో చెప్పమని గౌరవంగానే అడగండి. రిపోర్టులు వచ్చాక ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా మెసేజ్ చెయ్యండి.